వంద రోజుల బ్యాడ్జి: ఎవరి గడియారం ప్రకారం?

ఈ ఎపిసోడ్‌లో గెస్టు ఎవరూ లేరు. నా సంగతే ఒకటి చెప్తా. కొంచెం సిగ్గుపడాల్సిన సంగతి. అందుకే చెప్పడానికి ఇన్నాళ్లు వాయిదా వేస్తూ వచ్చిన.

ముందు నుంచి వింటున్నవాళ్లకు తెలుసు, నేను దుబాయిలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్ కీపర్‌ని. మాది జగిత్యాల జిల్లా. టైమ్ కీపర్ అంటే పెద్ద పోస్టేం కాదు. ఎవరు పంచ్ కొట్టారు, ఎవరు కొట్టలేదు, ఎవరికి ఎన్ని గంటల ఓటీ, ఎవరిది సిక్ లీవు, ఇవన్నీ ఎక్సెల్ షీటులో ఎక్కించి నెలాఖరుకు ఆఫీసుకు పంపాలి. ఆ షీటు మీదనే జీతాలు. కాబట్టి నన్ను చూసి నవ్వేవాళ్లు కొందరుంటారు, మొహం తిప్పుకునేవాళ్లు కొందరుంటారు. అది అలవాటైపోయింది.

కొత్తలో నాకు ఎక్సెల్ సరిగ్గా రాదు. నైట్ షిఫ్టు లెక్క దగ్గర ఇరుక్కుపోయిన. రాత్రి ఏడింటికి లోపలికి, పొద్దున ఐదింటికి బయటికి. పది గంటల పని. కానీ బయటికి వచ్చిన టైములోంచి లోపలికి పోయిన టైము తీసేస్తే ఆ గడి నిండా వరసగా హ్యాష్ గుర్తులు పడేవి. అర్ధరాత్రి దాటితే టైము మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కదా, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసినట్టు కాకుండా చిన్నదాంట్లోంచి పెద్దది తీసేసినట్టయి మైనస్ వస్తుంది. ఎక్సెల్ మైనస్ టైము చూపించలేదు. రూములో ఒక కేరళ తమ్ముడు చెప్పాడు, ఇంటర్నెట్‌లో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయని. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగిన. గంటలోపే ఎవరో జవాబు రాశారు: ఆ తీసివేతను మాడ్ అనే ఫంక్షన్‌లో పెట్టి, పక్కన 1 వెయ్యి, సరిపోతుంది అని. సరిపోయింది. పది గంటలు అని వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మీకెట్ల చెప్పాలో తెలియదు. మొహం తెలియని మనిషి, పైసా తీసుకోకుండా, నా పని చేసిపెట్టాడు.

అప్పటి నుంచి రోజూ అక్కడికి పోవడం మొదలుపెట్టిన. కొన్నాళ్లకు నాకు తెలిసిన చిన్న చిన్న ప్రశ్నలకు నేనే జవాబులు రాసేవాణ్ని. అప్పుడు పడింది కన్ను, బ్యాడ్జిల మీద.

నేను వాడిన వెబ్‌సైటు పేరు ఇక్కడ అవసరం లేదు. నాకు జరిగినదానికి తప్పు సగం నాదే. కానీ ఇలాంటివాటిలో అందరికీ తెలిసింది స్టాక్ ఓవర్‌ఫ్లో. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే మన పిల్లలందరూ ఏదో ఒకరోజు దాని గడప తొక్కినవాళ్లే. బ్యాడ్జిల రూల్సు ఎట్లుంటయో దాని ఉదాహరణతోనే చెప్తా.

అక్కడ బ్యాడ్జిలు మూడు రకాలు: కంచు, వెండి, బంగారం. మొదటి ప్రశ్నకు ఒక్క ఓటు పడితే స్టూడెంట్ అని కంచు బ్యాడ్జి. రాసిన జవాబుకు ఒక్క ఓటు పడితే టీచర్ అని ఇంకోటి. ఇవి తేలికే. ప్రశ్న అడిగితే వారం రోజుల దాకా ఎవరూ ఓటెయ్యక, జవాబు చెప్పక, కామెంటు గూడ పెట్టక, పెద్దగా ఎవరూ చూడకపోతే, దానికి గూడ ఒక బ్యాడ్జి ఉంది. టంబుల్‌వీడ్ అంటారు. ఎడారిలో గాలికి దొర్లుకుంటూ పోయే ఎండు కంప అన్నమాట. మనలాంటివాళ్ల కోసమే పెట్టినట్టుంది అని నవ్వుకునేవాణ్ని.

కానీ పెద్ద బ్యాడ్జిల దగ్గరికి వచ్చేసరికి తిరకాసు మొదలవుతుంది. ఒక్కోదానికి ఒక్క లైనులో రూలు రాసి ఉంటుంది. చదివితే అర్థమైనట్టే ఉంటుంది. నిజానికి ఆ లైనులో ఒక్కో మాటకు వాళ్ల అర్థం వేరే ఉంటుంది.

ఒకటి చెప్తా. ఒక సబ్జెక్టులో, వాళ్లు ట్యాగ్ అంటారు, కంచు బ్యాడ్జి రావాలంటే కనీసం 20 జవాబులు, మొత్తం 100 స్కోరు ఉండాలి. కొత్తవాడు ఏమనుకుంటాడు? నా పేరు పక్కన వెయ్యి పాయింట్లు కనిపిస్తున్నయి, వంద ఎప్పుడో దాటిన కదా అనుకుంటాడు. ఆ వెయ్యి రెప్యుటేషన్. స్కోరు వేరు. జవాబుకు ఒక్క ఓటు పడితే రెప్యుటేషన్ పది పెరుగుతుంది, స్కోరు మాత్రం ఒకటే పెరుగుతుంది. ఎవరైనా వ్యతిరేకంగా ఓటేస్తే స్కోరులో ఒకటి తగ్గుతుంది. అంటే పది ఓట్లతో వంద రెప్యుటేషన్ వచ్చినా, బ్యాడ్జి లెక్కలో అది పది మాత్రమే. అడిగిన ప్రశ్నలకు పడ్డ ఓట్లు అసలే లెక్కలోకి రావు, జవాబులవే వస్తయి. పైగా స్కోరు, జవాబుల సంఖ్య రెండూ ఉండాలి. ఒకే జవాబుకు 150 ఓట్లు పడ్డా బ్యాడ్జి రాదు.

ఇంకోటి, ఎలెక్టరేట్ అని బంగారు బ్యాడ్జి. 600 ప్రశ్నలకు ఓటెయ్యాలి. అంతే అనుకుంటాం. దాని వెనక ఇంకో షరతు ఉంది: మనం వేసిన మొత్తం ఓట్లలో కనీసం 25 శాతం ప్రశ్నలకే వేసి ఉండాలి. ఒకతను ప్రశ్నలకు 600, జవాబులకు 2400 ఓట్లు వేశాడనుకోండి. మొత్తం మూడు వేలు. అందులో ప్రశ్నల వాటా 20 శాతమే. బ్యాడ్జి రాదు. ఇంకో 200 ఓట్లు ప్రశ్నలకే వేస్తే 3200లో 800 అవుతుంది, అప్పుడు లెక్క కుదురుతుంది. మధ్యలో ఒక మంచి జవాబు చూసి మెచ్చుకుని ఓటేస్తే, ఆ మేరకు బ్యాడ్జి దూరం జరుగుతుంది. ఇది చూసి మా కేరళ తమ్ముడు, "ఇది మన ఓటీ లెక్క లాగనే ఉంది భాయ్" అన్నాడు.

సరే, నా కథకు వస్తా. నేను కన్నేసింది వంద రోజుల బ్యాడ్జి మీద. స్టాక్ ఓవర్‌ఫ్లోలో దాన్ని ఫెనాటిక్ అంటారు. వరసగా 100 రోజులు ఒక్క రోజు గూడ తప్పకుండా రావాలి. 30 రోజులకు ఎంథూసియాస్ట్ అని వెండిది ఉంటుంది, 100 రోజులకు బంగారం. నేను వాడిన వెబ్‌సైటులో గూడ అట్లాంటిదే ఉండె. నాకిది సరిగ్గా సరిపోతుందనుకున్న. తెలివి అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు, తప్పకుండా రావాలి, అంతే. మనం చేసేదే అది కదా. జ్వరమొచ్చినా పనికి పోయేటోళ్లం. అదీకాక ఆ బంగారు బ్యాడ్జి బయోడేటాలో పెట్టుకుంటే ఎండలోంచి ఏసీ ఆఫీసులోకి పోవడానికి పనికొస్తుందని ఎవరో అన్నారు. ఆ మాట బుర్రలో పడిపోయింది.

ఇంటికి ఫోన్ చేసే టైములో గూడ ముందు అది తెరిచేవాణ్ని. ఒకరోజు మా అమ్మాయి, "నాన్నా, నువ్వు మాతో మాట్లాడుతూ ఏదో చూస్తున్నవ్" అన్నది. నిజమే, చూస్తున్న.

తొంభై ఒక్క రోజులు అయినయి. అది ఎండాకాలం. ఎండలకు కాంక్రీటు పోత రాత్రిపూటే. నన్ను గూడ నైట్ షిఫ్టుకు వేశారు. బుధవారం రాత్రి డ్యూటీ ఎక్కిన. అర్ధరాత్రి దాటాక రెండింటికి చాయ్ బ్రేకు. ఫోన్ తీస్తే తేదీ గురువారం అని చూపిస్తున్నది. వెబ్‌సైటు తెరిచిన, ఒక ప్రశ్న చదివిన, గురువారం పని అయిపోయింది అనుకున్న. గురువారం పగలంతా నిద్ర. సాయంత్రం మళ్లీ డ్యూటీ. ఆ రాత్రి పోత ఆగలేదు, చాయ్‌కి గూడ టైము దొరకలేదు. శుక్రవారం పొద్దున ఆరింటికి క్యాంపుకు వచ్చి తెరిచిన. లెక్క తొంభై మూడుకు రావాలి. అక్కడ ఒకటి అని ఉంది.

ఒకటి! ఫోన్ ఆపి మళ్లీ తెరిచిన. ఒకటే. బుధవారం ఉంది, గురువారం ఉంది, శుక్రవారం ఉంది, నా క్యాలెండరులో ఒక్క రోజు గూడ పోలేదు. మరి ఎక్కడ పోయింది?

వెతగ్గా వెతగ్గా తెలిసింది. ఈ వెబ్‌సైట్లు రోజును లెక్కపెట్టేది మన గడియారంతో కాదు. యూటీసీ అని ప్రపంచమంతటికీ ఒక టైము ఉంటుంది, ఆ గడియారంతో లెక్క. స్టాక్ ఓవర్‌ఫ్లో గూడ అంతే. దుబాయి, ఒమన్ దానికంటే నాలుగు గంటలు ముందు. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ మూడు గంటలు ముందు. మన ఇంటి దగ్గర ఐదున్నర. మలేషియా, సింగపూర్ ఎనిమిది. అంటే దుబాయిలో ఉన్నవాడికి ఆ వెబ్‌సైటు రోజు మారేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున నాలుగింటికి. సౌదీలో మూడింటికి. మలేషియాలో పొద్దున ఎనిమిదింటికి.

ఇప్పుడు నా లెక్క చూడండి. గురువారం రాత్రి రెండింటికి నేను తెరిచినప్పుడు వాళ్ల దగ్గర ఇంకా బుధవారమే, రాత్రి పది. శుక్రవారం పొద్దున ఆరింటికి తెరిచినప్పుడు వాళ్ల దగ్గర శుక్రవారం, రెండు గంటలు. మధ్యలో గురువారం మొత్తం, వాళ్ల లెక్కలో, నేను రాలేదు. నేను నాగా పెట్టలేదు. వాళ్ల లెక్కలో నాగా పడింది.

బాగా కోపమొచ్చింది. మంచం మీద కూర్చుని, "రోజంటే ఏ రోజో ముందే కనబడేటట్టు రాయొద్దా? నేను రాలేదంటే ఎట్ల? వచ్చిన కదా" అని నాలో నేనే గొణుక్కుంటున్న. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడ విన్ననో గుర్తొచ్చేసరికి కోపం దిగిపోయింది.

దానికి రెండు నెలల ముందు, నిర్మల్ దిక్కు నుంచి వచ్చిన ఒక అన్న నా కంటెయినర్ దగ్గరికి వచ్చాడు. చేతిలో జీతం చీటీ. "తమ్మీ, ఒక రోజు కట్ చేసిన్రు. నేను ఒక్క రోజు గూడ నాగా పెట్టలే. నువ్వే చూస్తివి గద" అన్నాడు. నేను కంప్యూటర్‌లో చూసి, "పదిహేనో తారీకు పంచ్ లేదన్నా" అన్న. "పదిహేను తెల్లారిందాక డ్యూటీలనే ఉంటి గద తమ్మీ" అన్నాడు. నేను ఏమన్ననో తెలుసా? "సిస్టమ్‌ల అట్లనే ఉందన్నా, నేనేం చేస్త" అన్న. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఆ శుక్రవారం నిద్రపోలేదు. పాత షీట్లు తీసిన. ఆ అన్న పద్నాలుగో తారీకు రాత్రి ఏడింటికి పంచ్ కొట్టి పదిహేను పొద్దున ఐదింటికి దిగాడు. అక్కడితో ఆయన నైట్ షిఫ్టు అయిపోయింది. రెస్ట్ తీసుకుని పదహారు పొద్దున ఆరింటికి డే షిఫ్టు ఎక్కాడు. మా మెషీను లోపలికి పోయిన పంచ్ ఏ తారీకున పడితే ఆ తారీకుకే హాజరు వేస్తుంది. పద్నాలుగు ఉంది, పదహారు ఉంది. పదిహేనున లోపలికి పోయిన పంచ్ లేదు కాబట్టి ఆబ్సెంట్. షిఫ్టు మారే రోజు రెస్ట్ ఇచ్చేది కంపెనీయే. ఆ రెస్ట్ అని చేత్తో ఎక్కించాల్సింది నేను. నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు. రాత్రి పది గంటల లెక్క కోసం ప్రపంచమంతా అడిగినవాణ్ని, ఇది మాత్రం పక్కనున్న మనిషి వచ్చి చెప్పినా చూడలేదు.

వెనక్కి వెతికితే అదే తప్పు ఇంకో ముగ్గురికి పడింది. ఆ ముగ్గురిలో ఒకతను అప్పటికే క్యాన్సిల్ అయి ఊరికి పోయాడు.

మీరనొచ్చు, ఒక్క రోజు జీతమే కదా అని. ఒక్క రోజు జీతంతో పోదు. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది నిండినవాళ్లకు పని మానేటప్పుడు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఐదేళ్లు దాటినాక ప్రతి ఏడాదికి 30 రోజులది. జీతం లేకుండా ఆబ్సెంట్ పడ్డ రోజులు సర్వీసు లెక్కలోకి రావు. అంటే తప్పుడు ఆబ్సెంట్ రెండుసార్లు కోస్తుంది, ఇప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి. బేసిక్ మీద లెక్క అన్నది గూడ గుర్తుపెట్టుకోండి. అలవెన్సులన్నీ కలిపి చేతికొచ్చే మొత్తం మీద కాదు. చాలామంది అక్కడ గూడ మోసపోయినట్టు ఫీలవుతారు, నిజానికి ఆ ఒక్క మాట ముందే తెలియక. సౌదీ, కువైట్, ఖతార్‌లో లెక్కలు వేరు, అక్కడున్నవాళ్లు అక్కడి చట్టం చూసుకోవాలి.

ఆఫీసులో చెప్పిన. భయం లేదని కాదు, నా తప్పు నేనే ఒప్పుకోవాలి కదా. ఇంకా మా దగ్గరున్న ముగ్గురికీ తరువాతి నెల జీతంలో ఆ రోజు కలిపి ఇచ్చారు. ఊరికి పోయినతనిది క్లోజ్ అయిపోయిందన్నారు. ఆయన నంబరు దొరకలేదు. అది అట్లనే ఉండిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

నిర్మల్ అన్న దగ్గరికి పోయి చెప్పిన, నాదే పొరపాటు అన్నా అని. ఆయన తిట్టలేదు. "అప్పుడు జర సూడరాదుంటివా" అన్నాడు, అంతే. తిడితేనే బాగుండేది.

తరువాత ఒక పేపరు మీద తెలుగులో, హిందీలో రాసి మెస్ హాలు గోడకు అంటించిన. నైట్ షిఫ్టు ఏ తారీకు కింద పడుతుంది. షిఫ్టు మారే రోజు ఎట్ల లెక్క. పంచ్ మెషీను పనిచెయ్యకపోతే ఎవరికి, ఎన్ని గంటల్లోపు చెప్పాలి. షీటు ఏ తారీకున ఆఫీసుకు పోతుంది, ఆలోపు తప్పుంటే ఎట్ల దిద్దించుకోవాలి. అంతే, సగం పేజీ. దాన్ని ఫొటో తీసుకోనివాళ్లు లేరు. ఇన్నేళ్లుగా అడగాలనుకుని అడగలేకపోయినవాళ్లు ఎందరో అప్పుడు తెలిసింది.

ఇక బ్యాడ్జి సంగతి. అమెరికాలో కార్నెల్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల పరిశోధకులు స్టాక్ ఓవర్‌ఫ్లో బ్యాడ్జిల మీద 2013లో ఒక పేపరు రాశారు. బ్యాడ్జి దగ్గర పడేకొద్దీ జనం ఆ పని ఎక్కువ చేస్తారు, అది చేతికి రాగానే మళ్లీ తగ్గిపోతారు అని అందులో లెక్కలతో చూపించారు. నన్ను చూసి రాసినట్టుంది. తొంభై దాటినాక నేను అక్కడ నేర్చుకున్నది ఏమీ లేదు. తెరవడం, మూసెయ్యడం. మొదటి రోజు ఒక ప్రశ్నతో పోయిన, జవాబుతో వచ్చిన. తొంభై ఒకటో రోజు ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతో వచ్చిన.

బ్యాడ్జిలు వద్దని చెప్పడం లేదు. మనలాంటివాళ్లను భుజం తట్టేవాళ్లు తక్కువ, ఒక చిన్న బొమ్మ వస్తే సంతోషమే. నేను గూడ మళ్లీ మొదలుపెట్టిన, ఆ వంద పూర్తి చేసిన. ఈసారి రోజూ సాయంత్రం ఎనిమిదింటికి, నైట్ డ్యూటీ ఉంటే పోయేముందు. ఇంటికి ఫోన్ చేసినాకనే. బయోడేటాలో మాత్రం పెట్టలేదు. వంద రోజులు వచ్చిన అని అది చెప్తుంది, ఏం వచ్చు అని చెప్పదు.

ఒక్కటి మాత్రం మీతో చెప్పాలని ఇంతసేపు మాట్లాడిన. మీ రోజులను ఎవరైనా లెక్కపెడుతున్నారంటే, అది బ్యాడ్జి గానీ, జీతం గానీ, లీవు గానీ, గ్రాట్యుటీ గానీ, మొదట్లోనే మూడు అడగండి. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు? ఏ గడియారం, ఏ తారీకు ప్రకారం? లెక్క ఎప్పుడు మూస్తారు, ఆలోపు తప్పు దిద్దించుకోవడం ఎట్ల? తొంభై ఒకటో రోజు అడిగితే లాభం లేదు. అడిగినా చెప్పకపోతే మీ లెక్క మీరు రాసుకోండి. ఫోన్‌లో గానీ, చిన్న నోటుబుక్‌లో గానీ, తారీకు, ఎక్కిన టైము, దిగిన టైము. రోజుకు అర నిమిషం పని.

ఇంకొకరి రోజులు మీ చేతుల్లో ఉంటే, ఫోర్‌మన్ గానీ, క్యాంప్ బాస్ గానీ, నాలాంటి టైమ్ కీపర్ గానీ, "సిస్టమ్‌ల అట్లనే ఉంది" అనేముందు ఒకసారి ఆ సిస్టమ్ తెరిచి చూడండి. నేను రెండు నెలలు ఆలస్యంగా చూసిన.

మీ కంపెనీలో నైట్ షిఫ్టు ఏ తారీకు కింద పడుతుందో మీకు తెలుసా? తెలియకపోతే రేపే అడగండి. ఏం చెప్పారో నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు చెప్పొద్దు, మీ పేరు గూడ అవసరం లేదు. వచ్చినవన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఎండలు ఎక్కువున్నయి, నీళ్లు తాగండి. ఇంటికి ఫోన్ చెయ్యండి. ఉంటా మరి.